డాటీని బీట్ మేతకు పంపిన చలికాలం

నా భార్య నోలీన్‌కు ఒక ఆవు ఉంది. పేరు డాటీ. మందలో మిగతా ఆవులన్నీ మా ఇద్దరివీ, డాటీ ఒక్కటి మాత్రం తనది. ఈ పంపకం నేను చేసింది కాదు. ఒకరోజు టీ తాగుతూ తనే తేల్చి చెప్పేసింది.

డాటీ పుట్టిన రోజు వడగళ్ల వాన. తల్లి ఈని, దూడను నాకనైనా నాకకుండా పక్కకు పోయింది. నోలీన్ దాన్ని తన కోటులో చుట్టుకుని ఇంట్లోకి తెచ్చి, బట్టలుతికే గదిలో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టింది. వాషింగ్ మెషిన్ తిరిగితే దూడ ఉలిక్కిపడుతుందట. అది లేచి నిలబడేదాకా నేను మురికి చొక్కాతోనే తిరిగాను.

ఇప్పుడది పెద్ద ఆవు. పాలు మరీ అంతేమీ ఇవ్వదు, గేటు దగ్గర మొరాయిస్తుంది, నన్ను చూస్తే తోక విసిరి కొడుతుంది. నోలీన్ గొంతు వినబడితే మాత్రం ఎంత దూరంలో ఉన్నా వచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనిస్తుంది. "రావే నా బంగారం, రావే నా తల్లీ" అని నోలీన్ దాని మెడ నిమురుతూ ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. నన్ను ఏనాడైనా అలా పిలిచిందా? "గ్రాంట్, బూట్లు బయట విప్పు." నాకు దక్కేది ఇదీ. అవును, ఆ ఆవంటే నాకు కడుపుమంట. అరవై దాటిన మగాడు పైకి చెప్పుకునే సంగతి కాదు గానీ, ఉన్నమాట.

భూగోళానికి అడుగున ఉన్న మా ఒటౌటౌ వైపు జూన్ అంటే చలికాలం, చలి ముదిరిందంటే పాలు పితకడం ఆపేస్తాం. ఆగస్టులో ఈనేదాకా చూలు ఆవులకు తినడం తప్ప పనుండదు. ఏటి పక్క పొలంలో టర్నిప్ దుంప వేసి అక్కడే మేపుకునేవాళ్లం. ఈ మధ్య ఆ పొలం మోకాలి లోతు బురదైపోయింది. కిందటేడు కూరుకుపోయిన ఆవును ట్రాక్టరు పెట్టి లాగాక ఇక నా వల్ల కాదనేశాను. ఈసారి మందను బ్రయనీ పొలానికి పంపుదామన్నాను.

బ్రయనీ అంటే కొండవాలులో పొలం తీసుకున్న పిల్ల. పాతికేళ్లుంటాయేమో. చలికాలం నాలుగు ఊళ్ల మందలు మేపిపెట్టడం ఆమె పని, మొదలుపెట్టాక ఇదే మొదటి ఏడు. పొలమంతా పశువుల బీట్ దుంప వేసింది. ఒక్కో దుంపా తలకాయంత ఊరి, సగం నేల పైకి తేలి, పచ్చగా నిగనిగలాడుతూ ఉంది. అలాంటి పంట నా చేతుల మీద ఎప్పుడూ పండలేదు. చూసి నాకూ కాస్త కుళ్లుగానే అనిపించింది.

లారీలోంచి ఆవుల్ని దింపుతున్నప్పుడు బ్రయనీ ఎలా మేపబోతుందో చెప్పింది.

"బీట్ అంటే ఉత్త చక్కెర, నోలీన్ గారూ. ఆవు కడుపు దానికి మెల్లిగా అలవాటు పడాలి. పొద్దున్నే కడుపు నిండా ఎండుగడ్డి వేస్తాను. ఆ తర్వాత అడ్డంగా కట్టిన కరెంటు తీగ కాస్త ముందుకు జరిపి, బీట్ మీదికి కాసేపు వదిలి, మళ్లీ తోలేస్తాను. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పోతాను. తొందరపడితే కడుపు పులిసి ఆవు చస్తుంది."

"నువ్వు పుట్టక ముందు నుంచీ ఆవుల్ని మేపుతున్నానమ్మాయ్. చలికాలం దుంపలు నాకు కొత్తా?"

"మీరు మేపింది టర్నిప్ అండీ. అది కాస్త ఎక్కువ తిన్నా పరవాలేదు. ఇది వేరు."

"దుంప దుంపే" అంది నోలీన్. అని, గొంతు తగ్గించి, "అదిగో, ఆ నుదుట మచ్చ ఉన్నది డాటీ. దానికి చలిగాలి పడదు. ఆ చెట్ల వరస చాటున ఉంచు" అంది.

"అన్నిటినీ చాటునే ఉంచుతానండీ."

"అన్నిటి సంగతీ నేనడిగానా?"

బ్రయనీ నా వైపు చూసింది. నేను లారీ తలుపు గడియ వేయడంలో మునిగిపోయినట్టు నటించాను.

వారం తిరక్కుండానే నోలీన్ చూసొద్దామని గోల పెట్టింది. వెళ్లేసరికి బ్రయనీ తీగ జరపడానికి మోటారుసైకిల్ మీద వస్తోంది. ఆ బండి చప్పుడుకే మంద మొత్తం తల ఎత్తింది. "రండే, రండే" అని ఆ పిల్ల ఒక్క కేక వేసిందో లేదో, ఆవులన్నీ బురద చిమ్ముకుంటూ పరుగు. అన్నిటికన్నా ముందు డాటీ!

"డాటీ! ఇటు రావే, బంగారం!" అని నోలీన్ తీగ ఇవతల నుంచి చేతులు చాపింది.

డాటీ ఒకసారి ఇటు చూసింది. చూసి, తోక ఆడించి, బ్రయనీ వెనకాలే పోయింది. తీగ జరిగేదాకా ఆ పిల్ల చంక కింద మూతి పెట్టుకుని నిలబడింది. బ్రయనీ పనిలో పనిగా దాని చెవి వెనక గోకుతూనే ఉంది. నోలీన్ చాపిన చేతులు మెల్లిగా కోటు జేబుల్లోకి పోయాయి.

తిరిగి వస్తుంటే పికప్ బండి వంతెన దాటాక నోలీన్ అంది.

"చూశావా దాని పొగరు?"

"ఆవుదా, పిల్లదా?"

"ఇద్దరిదీ! ఏం మందు పెట్టిందో ఏమో. సీసా పాలు పట్టి పెంచిన నన్ను చూసి తోక ఆడించి పోతుందా?"

"మేత ఎక్కడుంటే అక్కడికి పోతుంది. పశువు కదా."

"దాన్ని పశువంటావా!"

ఆవును పశువనక ఏమనాలో నాకు తోచలేదు. గేరు మార్చాను. నిజం చెప్పొద్దూ, నాకు లోపల భలే సంతోషమేసింది. ఇన్నేళ్లు మా ఇంట్లో నేను పడ్డ మంట ఎలా ఉంటుందో ఇప్పుడు తనకూ తెలుస్తోంది కదా అనుకున్నాను. ఆ పూట చీజ్ రోల్స్ రెండు ఎక్కువ తిన్నాను. నోలీన్ ఒక్కటి కూడా ముట్టలేదు.

"నువ్వే పంపావు" అంది కంచం తోసేస్తూ. "బురదట, బురద! బురదలో ఉన్నా నాదిగా ఉండేది."

ఆ తర్వాత రోజూ వెళ్లడం మొదలైంది. మధ్యాహ్నం బ్రయనీ భోజనానికి ఇంట్లోకి పోయే వేళ చూసుకుని వెళ్లేవాళ్లం. "ఆ పిల్ల కంట పడితే నసపెడుతున్నామనుకుంటుంది. చెట్ల వెనక నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తా" అనేది నోలీన్. నేను బండిలోనే కూర్చుని రేడియోలో రగ్బీ వినేవాణ్ణి. ఆ గాలికి కిందికి దిగి ఆవు ముఖం చూసే సరదా నాకు లేదు.

రెండు మూడు రోజుల్లోనే నోలీన్ ముఖం విప్పారింది. బండెక్కుతూనే చెప్పేది.

"నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది, గ్రాంట్! ఎండుగడ్డి వదిలేసి మరీ వచ్చింది."

"మంచిదేగా."

"మంచిదేగా అని ఏడుస్తూ అంటావేం? నా ఆవు నన్ను మర్చిపోలేదని చెబుతున్నాను."

"అందుకే ఏడుస్తున్నాను" అన్నాను. నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. అదీ ఆవు పుణ్యమే.

ఒక ఆదివారం దారిలో బ్రయనీ ఎదురై బండి ఆపింది. ఆ పిల్ల కళ్ల కింద నల్లగా చారలు. డాటీ సంగతి అర్థం కావడం లేదంది.

"మధ్యాహ్నమైతే మంద వదిలేసి ఆ చెట్ల మూలకు పోయి నిలబడుతోందండీ. పిలిచినా రావడం లేదు. ఇంతకు ముందు నా వెనకే తిరిగేది. ఎండుగడ్డి కూడా సరిగా తినడం లేదు."

"నా కోసం చూస్తుందమ్మా" అంది నోలీన్, ఎంత తియ్యగా అందో! "పెంచిన మనిషిని మర్చిపోతాయా అవి? నువ్వేం మనసులో పెట్టుకోకు."

ఈసారి మాడింది బ్రయనీ ముఖం. ఆ పిల్లకూ డాటీ మీద మక్కువ ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఏముందో ఆ ఆవులో! ఇద్దరు ఆడవాళ్లు దాని కోసం చూపులతో పొడుచుకుంటున్నారు. మధ్యలో నేనొకణ్ణి, ఎవరికీ అక్కర్లేకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. డాటీ పడిపోయిందని బ్రయనీ చెప్పింది. వెంటనే పెట్టేసింది.

మేం వెళ్లేసరికి నేలంతా మంచు గడ్డకట్టి బూట్ల కింద కరకరలాడుతోంది. చెట్ల మూలన డాటీ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కడుపు ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. వెనక నుంచి నీళ్లలా పారుతున్న పేడ పులిసిన వాసన వేస్తోంది. నోలీన్ ఆ బురదలోనే కూలబడి దాని తల ఒళ్లో పెట్టుకుంది. పశువుల డాక్టరు అప్పటికే వచ్చి దాని డొక్క మీద చెవి ఆనించి వింటున్నాడు.

"బీట్ ఎక్కువైంది" అన్నాడు లేస్తూ. "నిన్న తీగ ఎంత జరిపావమ్మా?"

"మొన్నటికన్నా ఒక్క అడుగు" అంది బ్రయనీ. తీగ వైపు చేయి చూపింది. "మళ్లీ కొలిచి చూశాను. సరిగ్గానే ఉంది. కానీ నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. లేకపోతే ఎందుకు పడుతుంది?"

"తీగ దగ్గర తప్పయితే ఇదొక్కటే పడదు. మిగతావీ ఇవాళో రేపో పడతాయి. మందలన్నీ ఇప్పుడే బీట్ మీంచి తీసెయ్యాలి. వీళ్లదే కాదు, నీ పక్క పొలాల్లో ఉన్న వేరేవాళ్లవి కూడా."

"తీసి ఏం పెట్టను? అన్నిటికీ సరిపడా ఎండుగడ్డి నా దగ్గర లేదు." బ్రయనీ చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "సరే. అందరికీ ఫోన్ చేస్తాను. మీ ఆవుల్ని తీసుకెళ్లండి, నాకు మేపడం చేతకాలేదని చెప్పేస్తాను."

నేను మిగతా ఆవుల వైపు చూశాను. అన్నీ నిలబడి శుభ్రంగా నెమరేస్తున్నాయి. ఒక్క డాటీయే ఎందుకు పడింది? ఏదో అనుమానం వచ్చి నా బండి దగ్గరికి వెళ్లి చూశాను. వెనక తొట్టిలో పార ఉంది, పక్కన మా ఇంటి బకెట్. పార అంచున తెల్లటి దుంప పొట్టు ఎండి అంటుకుని ఉంది. చక్రాలు దిగబడితే మట్టి తీయడానికి నోలీన్ తెచ్చిందనుకున్నాను ఇన్నాళ్లూ. వెనక్కి వచ్చాను.

నోలీన్ వైపు చూశాను. ఆమె నన్ను చూసి చూపు తిప్పుకుంది. నాకు అర్థమైంది. ఇప్పుడు నోరు విప్పితే డాటీని ఈ గతి పట్టించింది తనే అవుతుంది. విప్పకపోతే ఆ పిల్ల అవుతుంది. ఆ పిల్ల ఓడిపోవాలని ఇన్నాళ్లూ కోరుకుంది కూడా తనే.

"నోలీన్" అన్నాను. అంతే అన్నాను.

బ్రయనీ ఫోన్ తీసి ఎవరికో చేయబోతోంది. డాక్టరు సంచిలోంచి గొట్టం తీస్తూ, "ఎంత తిందో తెలిస్తే ఎంత మందు పట్టాలో తెలిసేది" అని తనలో తనే గొణుక్కున్నాడు. ఆ మాటకు నోలీన్ తలెత్తింది.

"నేను పెట్టాను" అంది.

"ఏం పెట్టారు?"

"బీట్. చెట్ల అవతల వరసలోంచి పీకి పెట్టాను. పారతో చిన్న చిన్న ముక్కలు చేసి. కొరకడానికి కష్టపడకుండా."

"ఎంత?"

"మొదట ఒకటీ రెండూ. నిన్న బకెట్ నిండా. ఇంకా కావాలని చూసింది... మళ్లీ ఇంకో బకెట్."

డాక్టరు సంచి పక్కకు తోశాడు. మోకాళ్ల మీద కూర్చుని గొట్టం డాటీ నోట్లోకి దింపడం మొదలుపెట్టాడు. బ్రయనీ ఫోన్ జేబులో పెట్టుకుంది. చాలా మెల్లిగా పెట్టుకుంది. ఆ తర్వాత విరుచుకుపడింది.

"ముక్కలు కోసి మరీ పెట్టారా! చూలు ఆవుకి! ఈ చలికాలం నా దగ్గర ఒక్క ఆవు పడలేదండీ, ఒక్కటి! పడుకున్నా ఆ తీగే కళ్ల ముందు ఉంటోంది నాకు. నేను దాన్ని మేపడం లేదా? మాడుస్తున్నానా? ఎందుకు చేశారండీ ఈ పని?"

"నీ వెనక తిరుగుతోంది కాబట్టి!" అంది నోలీన్. కళ్లలో నీళ్లు, గొంతులో నిప్పులు. "నేను పిలిస్తే రాలేదు. నీ చంకలో దూరింది. పెంచింది నేను. నువ్వు ఎండుగడ్డి వేశావంతే."

"ఎండుగడ్డి వేశాను కాబట్టే మిగతావన్నీ నిలబడి ఉన్నాయి!"

నోలీన్ డాటీ తలను ఇంకా దగ్గరికి లాక్కుంది. డాక్టరు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు తెమ్మంటే నేనూ బ్రయనీ బకెట్లు పట్టుకుని బ్రయనీ ఇంటి కుళాయికీ పొలానికీ తిరిగాం. నీళ్లు పోశాడు, సూదులు పొడిచాడు, డొక్క పిసికాడు. మేం నలుగురం పట్టి దాన్ని బోర్లా కూర్చోబెట్టి, అటూ ఇటూ గడ్డి మోపులు ఆనించాం.

"చేయాల్సింది చేశాను" అన్నాడు వెళ్తూ. "చీకటి పడేలోగా ఎండుగడ్డి నోట పెట్టిందంటే కడుపు కదిలినట్టు. బతుకుతుంది. పెట్టలేదా, నాకు ఫోన్ చేయకండి, లాభం లేదు."

బ్రయనీ దాని పక్కన కూర్చోబోయింది. "దగ్గరికి రాకు" అంది నోలీన్. తప్పు తనది, పొలం ఆ పిల్లది, అయినా అంది. నాకు సిగ్గేసింది. బ్రయనీ పళ్లు బిగించి పోయి మిగతా ఆవులకు తీగ జరిపి, చూసుకుని, తిరిగి వచ్చి కాస్త దూరంగా గడ్డి మోపు మీద కూర్చుంది. అక్కడి నుంచి కదల్లేదు.

నోలీన్ గుప్పెడు ఎండుగడ్డి తీసి డాటీ మూతి దగ్గర పెట్టింది. "తినవే, నా తల్లీ." డాటీ ముఖం తిప్పుకుంది. పచ్చగా ఉన్న పరకలు ఏరి పెట్టింది. తిప్పుకుంది. పెదాల మధ్య దోపింది. రాల్చేసింది. బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. నా కోటు కూడా తీసి దాని మీద కప్పింది. నేను వణుకుతూ నిలబడ్డాను. నా సంగతి అడిగిన వాళ్లు లేరు. మాకు చలి తెచ్చే దక్షిణపు గాలి ముఖాన కొడుతోంది. మధ్యాహ్నం దాటింది. చెట్ల నీడ మా మీద నుంచి జరిగి బీట్ వరసల మీదికి పోయింది. నోలీన్ చేతులు చలికి ఎర్రగా కందిపోయాయి. డాటీ కళ్లు మూతలు పడుతున్నాయి.

"గ్రాంట్, చీకటి పడుతోంది" అంది.

"అవును."

చేతిలో ఉన్న గడ్డి వైపు కాసేపు చూసుకుంది. తర్వాత లేచింది. బురదలో కూర్చుని కాళ్లు కొయ్యబారి తూలితే నేను పట్టుకున్నాను. నా చేయి విడిపించుకుని నేరుగా బ్రయనీ దగ్గరికి నడిచి, ఆ గడ్డి చాపింది.

"నువ్వు పెట్టు."

బ్రయనీ ఆమె ముఖంలోకి చూసింది. గడ్డి తీసుకుని వెళ్లి డాటీ ముందు చతికిలబడి చెవి వెనక గోకింది. "ఏమే, మొండిదానా, లేవవా?" అంది. గడ్డి మూతి కింద పెట్టింది. డాటీ వాసన చూసింది. చాలాసేపు చూసింది. నాలుక బయటికి వచ్చి రెండు పరకలు చుట్టి లోపలికి లాక్కుంది. దవడ కదిలింది. మళ్లీ నాలుక చాచింది.

నోలీన్ నా చేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"తింటోంది, గ్రాంట్."

"తింటోంది."

"ఆ పిల్ల చేతిలోంచి తింటోంది."

ఏమనాలి నేను? ఇన్నేళ్లూ ఆ ఆవును చూసి కుళ్లుకున్నవాణ్ణి. ఆ క్షణం ఆ పిల్లను చూసి కుళ్లుకున్నాను, నా భార్య తరఫున. ఆ గడ్డి నోలీన్ చేతిలోంచి తినడానికి దానికేం రోగం?

బ్రయనీ చేయి ఆపి మా వైపు చూసింది. ఇక మీరొచ్చి పెట్టండి అన్నట్టు గుప్పెడు గడ్డి నోలీన్ వైపు చాపింది.

"ఆపకు!" అని కసిరింది నోలీన్. "నువ్వే పెట్టు. అది చాలనేదాకా పెట్టు."

అని, అటు వైపు వీపు పెట్టి, చెట్ల వైపు తిరిగి నిలబడింది. కళ్లు తుడుచుకోలేదు. డాటీ నమిలే చప్పుడు వినబడుతున్నంత సేపూ అలాగే నిలబడి వింటూ ఉంది గానీ, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.